మేళం కట్టే చెయ్యి

అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1933 నుంచి 1942 దాకా డీ-45 రకం గిటార్లు 91 మాత్రమే చేసింది. వాటిలో మొదటిది, సినిమాల్లో కౌబాయ్ వేషాలు కట్టి పాటలు పాడిన జీన్ ఆట్రీ కోసం తయారైంది. ఆ 91లో ఏదైనా ఇవాళ ఎక్కడైనా అమ్మకానికి వస్తే లక్షల డాలర్లు పలుకుతుంది. ఇటు మన ఉత్తరాంధ్రలో, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవాళ్లు ఒకే పనస మొద్దును తొలిచి చేసే ఏకాండి వీణ కూడా అరుదైనదే. చేసే ఇళ్లు తగ్గిపోతున్నాయి, తగిన దుంగ దొరకడం కష్టమైపోతోంది. భౌగోళిక గుర్తింపు ఉంది, బొబ్బిలి సంస్థానం నాటి చరిత్ర ఉంది. అయినా దానికోసం వేలంపాటల్లో ఎగబడేవాళ్లు లేరు. రెండూ తీగల వాద్యాలే, రెండూ చేతిపనే. అరుదుగా దొరకడమే ఆకర్షణకు కారణమైతే గొల్లపల్లి వీణ ధర కూడా ఆకాశంలో ఉండాలి. లేదు కాబట్టి, మంచి వాద్యం మీద మనిషికి కలిగే మోజు దేన్ని పట్టుకుని ఉందో వెతకాలి. అనకాపల్లి లాంటి ఊళ్లో ఈ వెతుకులాటకు అర్థం ఉంది. ఇక్కడ గిటారు నేర్చుకునే పిల్లలున్నారు, వీణ నేర్పే ఇళ్లున్నాయి. జిల్లాలోనే కొయ్య బొమ్మల ఏటికొప్పాక ఉంది, ఉత్తరంగా వెళితే బొబ్బిలి ఉంది.

ఈ మోజుకు వాద్యాలు తెలిసినవాళ్లు మామూలుగా చెప్పే కారణాలు మూడు: ధ్వని, కొయ్య, వయసు. ముందు ధ్వని సంగతి చూద్దాం. దీని మీద గట్టి పరీక్షలు జరిగింది వయొలిన్ మీద. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో క్లాడియా ఫ్రిట్జ్ అనే ధ్వనిశాస్త్రజ్ఞురాలు, జోసెఫ్ కర్టిన్ అనే వయొలిన్ల తయారీదారు కలిసి 21 మంది కళాకారులకు ఆరు వయొలిన్లు ఇచ్చారు. వాటిలో మూడు సుమారు మూడు వందల ఏళ్ల కిందటి ఇటలీ తయారీదారులవి: రెండు స్ట్రాడివరి చేసినవి, ఒకటి గ్వార్నెరి చేసినది. మిగతా మూడు కొత్తవి. మసక వెలుతురు గదిలో, వెల్డింగ్ చేసేవాళ్లు పెట్టుకునే నల్ల కళ్లద్దాలు పెట్టి వాయించమన్నారు. పాత కొయ్య వాసన పట్టుకుంటారేమోనని గడ్డం ఆనించే చోట అత్తరు కూడా రాశారు. అన్నిటికంటే తక్కువ మార్కులు వచ్చినది ఒక స్ట్రాడివరి. ఎక్కువమంది ఇంటికి తీసుకెళ్తామన్నది కొత్తవాటినే. పరీక్ష హోటల్ గదిలో పెట్టారని, పెద్ద కళాకారులు లేరని విమర్శ వస్తే, 2012లో పారిస్ దగ్గర వాన్సెన్‌లో పేరున్న పదిమంది సోలో కళాకారులతో, పన్నెండు వయొలిన్లతో మళ్లీ చేశారు. కచేరీ హాల్లో కూడా వాయించి చూశారు. పదిమందిలో ఆరుగురు కొత్తదే ఎంచుకున్నారు. తర్వాత శ్రోతల మీద చేసిన పరీక్షలు కూడా అదే చెప్పాయి: కొత్తవాటి నాదమే హాలు చివరిదాకా బాగా అందింది.

గిటారు విషయంలో నమ్మకమంతా కొయ్య మీదే. వెనక పలకకు, పక్కలకు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడితే గంట మోగినట్టు ఉంటుందని, మహాగని అయితే మెత్తగా ఉంటుందని, మేపుల్ అయితే స్పష్టంగా ఉంటుందని దుకాణంవాడి దగ్గర్నుంచి పుస్తకాలదాకా చెబుతారు. ఇంగ్లండులోని లంకాస్టర్ విశ్వవిద్యాలయంవాళ్లు దీన్ని పరీక్షకు పెట్టారు. రోజర్ బక్నాల్ అనే తయారీదారుతో ఆరు గిటార్లు చేయించారు; ముందు పలక నుంచి మెడదాకా అన్నీ ఒక్కలాంటివి, వెనక పలక, పక్కలు మాత్రం ఆరు రకాల కొయ్యలు. 52 మంది గిటారిస్టులు కళ్లకు నల్ల అద్దాలు పెట్టుకుని వాయించారు. 2018లో వెలువడిన ఫలితం ప్రకారం, ఖరీదైన కొయ్యకూ చౌక కొయ్యకూ వాళ్లిచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏది ఏదో పోల్చుకోవడం కూడా వాళ్లకు సాధ్యం కాలేదు. ఈ సంగతి స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ అనే గిటారు తయారీదారుకి నూట యాభై ఏళ్ల కిందటే తెలుసు. గిటారు గొంతు పై పలకలోనే ఉందని నిరూపించడానికి 1862లో ఆయన వెనక భాగమూ పక్కలూ అట్టతో చేశాడు. ఆ గిటారు ఇప్పటికీ బార్సిలోనా మ్యూజియంలో ఉంది. 1995లో బాబ్ టేలర్ అనే అమెరికన్ గిటారు తయారీదారు సరుకులు మోసే చెక్క ప్యాలెట్‌ను విడగొట్టి ఆ చెక్కతో గిటారు చేసి చూపించాడు. అది విన్నవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

ఇక వయసు. వాద్యం వాయించగా వాయించగా విచ్చుకుంటుందని మన వైణికులూ అంటారు, పాశ్చాత్యులూ అంటారు. సిడ్నీలో ఒకే తయారీదారు ఒకేసారి చేసిన రెండు వయొలిన్లను తీసుకుని, ఒకదాన్ని మ్యూజియంలో పెట్టి, రెండోదాన్ని ఒక కళాకారుడి చేత రోజూ వాయింపజేసి, మూడేళ్ల తర్వాత పోల్చారు. వాయించినవాళ్లకు గానీ విన్నవాళ్లకు గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మూడేళ్లు చాలవని అనవచ్చు. అనవచ్చు గాని, దుకాణాల్లో చెప్పేది మూడు నెలల్లోనే విచ్చుకుంటుందని. కొయ్య వయసుతో ఆరి తేలికపడుతుందన్నది నిజం. ఆ మార్పు చెవికి తెలిసేంతదా అన్నదే అనుమానం.

ఈ పరీక్షలు చదివాక తొందరపాటుగా వచ్చే తీర్మానం ఒకటుంది. మోజంతా భ్రమే, పేరు చూసి మురిసిపోవడమే అని. అనకాపల్లి వాళ్లకు ఈ వాదన బాగా తెలిసినదే. బెల్లం మార్కెట్లో తెల్లగా మెరిసే దిమ్మకు ఎక్కువ ధర పలుకుతుంది, ఆ తెలుపు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు, నాలుక మీద పెడితే నల్లబెల్లమే రుచి. కంటితో చూసి ధర కడితే ఇదే జరుగుతుంది. వాద్యాల సంతలో కూడా చాలావరకు జరుగుతున్నది ఇదేనని నేను ఒప్పుకుంటాను. అమెరికా రాక్ గాయకుడు కర్ట్ కొబెయిన్ వాయించిన 1959 నాటి మార్టిన్ గిటారు 2020లో అరవై లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆ డబ్బు ఆ మనిషి జ్ఞాపకానికి కట్టినది. దాని ధ్వనితో ఆ ధరకు సంబంధం లేదు, ఉందని కొన్నవాళ్లు కూడా అనరు. అలాంటి ధరలను ఈ చర్చలోంచి తీసి పక్కన పెట్టాలి.

కానీ అదే పరీక్షలను కాస్త నిదానంగా చదివితే మరొకటి కనబడుతుంది. ఇండియానాపొలిస్‌లో, పారిస్‌లో గెలిచిన కొత్త వయొలిన్లు ఫ్యాక్టరీ సరుకు కాదు. ఇప్పుడు జీవించి ఉన్న మేటి తయారీదారులు ఒక్కొక్కటిగా చేసినవి. ఆ పరీక్ష చెప్పింది చేతిపనికి విలువ లేదని కాదు. మూడు వందల ఏళ్ల కిందటి చేతికి ఉన్న నేర్పు ఇవాళ్టి చేతికీ ఉందని చెప్పింది. లంకాస్టర్ గిటార్లు ఆరూ ఒకే మనిషి చేసినవి. కొయ్యలు ఆరు, చెయ్యి ఒకటి. ఆరూ ఒక్కలాగే పలికాయి. టోరెస్ అట్ట గిటారు మంచి గిటారుగా మిగిలింది దాన్ని టోరెస్ చేశాడు కనుక. వీటిని రుజువు అనడానికి లేదు, ఎందుకంటే చేతిని మార్చి కొయ్యను మార్చకుండా అంత పకడ్బందీగా చేసిన పరీక్ష వీటిలో లేదు. అయినా ఇన్ని సాక్ష్యాలు ఒకే దిక్కు చూపిస్తున్నప్పుడు ఆ దిక్కుకు వెళ్లి చూడకపోవడం తప్పు. ఇంకో సంగతి కూడా ఆ పరీక్షల్లోనే ఉంది. కళాకారులు ఒకరితో ఒకరు ఏకీభవించలేదు. ఒకరు ఆప్యాయంగా హత్తుకున్నదాన్ని మరొకరు పక్కకు తోసేశారు. ఎవరి చేతికి ఏది ఒదుగుతుందన్నది ముఖ్యమని దాని అర్థం.

మరి చెయ్యి చేసే పని ఏమిటి? గిటారు పై పలక స్ప్రూస్ కొయ్యతో చేస్తారు. దాని మందం మూడు మిల్లీమీటర్లు, లేదా అంతకు తక్కువ. దాని మీద ఆరు ఉక్కు తీగలు దాదాపు డెబ్బై కిలోల బలంతో గుంజుతుంటాయి. పలక మందంగా ఉంటే కూలదు, కానీ మోగదు. పల్చగా ఉంటే బాగా మోగుతుంది, కానీ కొన్నేళ్లకు పొట్ట ఉబ్బి బ్రిడ్జి లేచిపోతుంది. ఈ రెంటి మధ్య ఉన్న సన్నటి హద్దు దగ్గర పని ఆపడమే నేర్పు. పైగా ఒకే చెట్టు నుంచి కోసిన రెండు పలకల బిరుసు కూడా ఒకటిగా ఉండదు. అందుకే చేతితో చేసేవాడు పలకను రెండు బొటనవేళ్ల మధ్య వంచి చూస్తాడు, అంచు పట్టుకుని వేలితో కొట్టి వింటాడు, లోపల అంటించిన బద్దెలను కొంచెం కొంచెంగా చెక్కుతాడు, మళ్లీ కొడతాడు. ఫ్యాక్టరీలో వేల పలకలు ఒకే కొలతకు కోస్తారు. వాటిలో బలహీనమైన పలక కూడా వారంటీ గడువుదాకా నిలబడాలి కాబట్టి, ఆ కొలత బలమైన పలకకు అవసరానికి మించి మందమవుతుంది. ఇక్కడ ఫ్యాక్టరీ తరఫున చెప్పుకోవలసింది చాలా ఉంది. యంత్రం కోసిన మెడ, యంత్రం వేసిన ఫ్రెట్లు ఇవాళ చాలా చేతిపనుల కంటే కచ్చితంగా ఉంటాయి. మొదటిసారి గిటారు పట్టే పిల్లవాడికి అంతకు మించి అక్కర్లేదు. నా వాదన ఆ గిటారుకు వ్యతిరేకంగా కాదు. ఒక్కో కొయ్యకు ఒక్కో నిర్ణయం తీసుకునే పని వేరని, మోజు పడితే దాని మీద పడాలని.

వీణ దగ్గరికి వస్తే ఈ మాట ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పనస మొద్దును లోపల తొలిచి నాదం మోగే కుండ, మెడలాంటి దండి ఒకే కొయ్యలో తీస్తారు. కుండ గోడ ఎంత మందం ఉండాలో చేతివేళ్లూ చెవీ చెప్పాలి. కుండ మీద తీగలను మోసే గుర్రానికి, అంటే బ్రిడ్జికి, ఇత్తడి రేకు బిగిస్తారు. ఆ రేకు పైభాగం చదునుగా ఉండదు, సన్నగా వంపు తిరిగి ఉంటుంది. తీగ ఆ వంపు మీద కొంచెం కొంచెంగా తాకుతూ లేవడం వల్లే వీణ నాదానికి ఆ మెరుపు వస్తుంది. తీగను మీటిన చోట నిశ్చలంగా ఉండే అనుస్వరాలు పలకవని యంగ్, హెల్మ్‌హోల్ట్జ్ చెప్పిన సూత్రం వీణకూ తంబురాకూ వర్తించదని 1921లో సి.వి. రామన్ రాసిన వ్యాసం ఈ గుర్రం గురించే. ఆ రేకును ఆకురాయితో ఎక్కడ ఎంత రాయాలో ఏ పుస్తకంలోనూ కొలత లేదు. నాదం తేటపడేదాకా రాయడం, వినడం, మళ్లీ రాయడం.

ఆ తర్వాత మేళం, అంటే మెట్లను శ్రుతికి అమర్చడం. తంజావూరు రఘునాథ నాయకుడి కాలం నుంచి వీణకు 24 మెట్లు స్థిరపడ్డాయని చెబుతారు. గిటారు ఫ్రెట్లు చెక్కలో కొట్టేస్తారు, మళ్లీ కదలవు. వీణ మెట్లు మైనం మీద నిలుస్తాయి. మైనంలో మసి కలిపి, దండి పొడవునా రెండు కట్టలుగా పోసి, వెచ్చగా ఉండగానే ఒక్కో మెట్టూ అదిమి, తీగ మీటి, శ్రుతి కలిసేదాకా వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరుపుతారు. ఒక మెట్టు కాస్త ఎత్తు ఎక్కువైతే పక్క మెట్టు మీద మీటిన స్వరం బుసలు కొడుతుంది. గమకం కోసం తీగను పక్కకు లాగినప్పుడు అది మెట్టు మీద జారకుండా, వేలు తెగకుండా ఉండాలి. బలంగా లాగి వాయించే చేతికి ఒక ఎత్తు, సున్నితంగా మీటే చేతికి ఇంకో ఎత్తు. ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు తీగ మీద గొంతు పలికించినంత పని చేశారంటే, ఆ బాణీకి వాద్యం ఒదిగి ఉండాలి కదా. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఈ ఒదుగుదల కోసం మాండలిన్ స్వరూపాన్నే మార్చుకున్నాడు. నాలుగు జంటల తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలు కట్టించుకుని, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక గమకాలు పలికించాడు. జంట తీగలతో అంత లాగుడు కుదరదు. ఆయన చేతిలో గొప్పదైన వాద్యం అరుదైన కొయ్యతో చేసినదేమీ కాదు, ఆయన సంగీతానికి సరిపోయేలా ఎవరో కూర్చుని చేసిపెట్టినది.

మైనం వేడికి మెత్తబడుతుంది. మన కోస్తా ఎండల్లో, ఉప్పు గాలిలో, వానాకాలపు చెమ్మలో మెట్లు కదులుతాయి, మళ్లీ మేళం కట్టాలి. అమ్మినంత మాత్రాన వీణ తయారీ పూర్తికాదు. ఏళ్ల తరబడి చేసినవాడి దగ్గరికి తిరిగి వస్తూనే ఉంటుంది. నాకు ఈ వ్యవహారమంతటిలో ముఖ్యంగా కనిపించేది ఇదే. అరుదైన వాద్యం ఆకర్షణలో నిజమైన భాగం, దాని వెనక ఒక నేర్పరి ఉన్నాడని, అతను దాన్ని మనకోసం సరిచేసి ఇవ్వగలడని తెలియడం. పొడి గాలిలో ఆరబెట్టిన కొయ్యతో పరదేశంలో చేసిన గిటారు మన తీరానికి వస్తే చెమ్మ పీల్చి పలక ఉబ్బుతుంది, తీగలు మెడ మీద నుంచి లేస్తాయి, వేళ్లు నొప్పి పుడతాయి. దాన్ని విప్పి సర్దేవాళ్లు చుట్టుపక్కల లేకపోతే ఎన్ని లక్షలు పోసి కొన్నా పెట్టెలోనే ఉంటుంది. ఆ లెక్కన సర్దేవాడు అందుబాటులో ఉన్న మామూలు వీణ మేలు.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. సేకరించేవాళ్లు లేకపోతే ఆ 91 మార్టిన్ గిటార్లలో ఇన్ని మిగిలేవా? స్ట్రాడివరి వయొలిన్లు మూడు శతాబ్దాలు బతికేవా? ధర ఉండబట్టే జాగ్రత్త చేశారు, మరమ్మతు చేయించారు, ఎక్కడున్నాయో రాసి పెట్టారు. ఇది నిజమే. పాత పనిని విప్పి చూసి నేర్చుకోవడానికి ఆ వాద్యాలు తయారీదారులకు పాఠాలు. కానీ ఆ ధరలో ఒక్క పైసా కూడా ఇప్పుడు పనిచేస్తున్న చేతికి చేరదు. పైగా కొయ్య అరుదుగా ఉండటమే గొప్పగా అమ్ముకుంటే చెట్టుకు ముప్పు. బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతర్జాతీయ వ్యాపారాన్ని 1992లో దాదాపు పూర్తిగా ఆపాల్సి వచ్చింది. అంతకుముందే, 1969లో, మార్టిన్ కంపెనీ దాన్ని వదిలి మన దేశపు రోజ్‌వుడ్‌కి మళ్లింది. తూర్పు కనుమల వాళ్లు ఇరుగుడు అనే చెట్టు అదే. 2017 జనవరి నుంచి ఆ జాతి చెట్లన్నిటి మీదా, అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటెస్ ఒప్పందం ఆంక్షలు వచ్చాయి. తయారైపోయిన వాద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు ఇచ్చారు. అంటే మోజు కొయ్య మీద నిలిచినంతకాలం అడవి దానికి మూల్యం చెల్లిస్తూ పోయింది. వెనక పలక ఏ కొయ్యదైనా చెవికి పెద్ద తేడా లేదని తేలాక కూడా చెల్లిస్తూ పోవడం అన్యాయం.

గొల్లపల్లి వీణ అరుదైన తీరు మాత్రం వేరు. దాన్ని ఎవరూ కావాలని తక్కువగా చేయలేదు. ముదురు పనస చెట్లు తగ్గాయి, ఉన్నవి కలపకు పోతున్నాయి. నెల రోజులు కూర్చుని చేసిన పెద్ద వీణ కంటే సన్మానాల్లో జ్ఞాపికగా ఇచ్చే బుల్లి వీణకు గిరాకీ ఎక్కువ. బుల్లి వీణ వల్ల ఆ ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది, దాన్ని తప్పుపట్టను. కానీ బుల్లి వీణకు మేళం కట్టనక్కర్లేదు, గుర్రం రాయనక్కర్లేదు. పిల్లలు ఆ పనే నేర్చుకుంటూ పోతే ఉలి పట్టే చెయ్యి మిగులుతుంది గాని వినే చెవి మిగలదు. ఏటికొప్పాక బొమ్మలతో పోల్చి చూస్తే ఈ ప్రమాదం ఇంకా తెలుస్తుంది. అక్కడ అంకుడు కర్ర, లక్క, చెట్ల నుంచి తీసిన రంగులు. సహజ రంగులను మళ్లీ పనిలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది, బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 గణతంత్ర దినాన రాష్ట్ర శకటం మీద ఢిల్లీలో ఊరేగాయి. అంకుడు కర్ర కొరత అక్కడా ఉంది. అయినా బొమ్మ బతికింది, ఎందుకంటే వంద రూపాయలున్నవాళ్లు కూడా కొంటారు, ఆ చిన్న బొమ్మ తిప్పిన చేతికే పెద్ద పని కూడా వస్తుంది. వీణకు అలాంటి మెట్ల వరస లేదు. జ్ఞాపిక నుంచి కచేరీ వీణ దాకా మధ్యలో ఖాళీ.

ఆ ఖాళీని ఎలక్ట్రానిక్ వీణ నింపుతోందిగా అనేవాళ్లున్నారు. బెంగళూరులో రాడెల్ కంపెనీ చేసిన వీణ విమానంలో మోసుకెళ్లవచ్చు, మైనం గొడవ లేదు, అపార్ట్‌మెంటులో పొరుగువాళ్లకు ఇబ్బంది లేకుండా సాధన చేసుకోవచ్చు. అమెరికాలో ఉండే తెలుగు పిల్లలకు అది పెద్ద వరం, దాన్ని కాదనకూడదు. అది వచ్చిందని గొల్లపల్లి అక్కర్లేదనడం మాత్రం కుదరదు. ఆ వాద్యం అనుకరిస్తున్న నాదం ఎలా ఉండాలో చెప్పేది పనస వీణే. ఇంకో అభ్యంతరం మరీ సూటిగా ఉంటుంది: ఇదంతా డబ్బున్నవాళ్ల ముచ్చట, సాధన చేసే బీద పిల్లకు ఏదో ఒక వీణ ఉంటే చాలు అని. ఈ మాట అనేవాళ్లు ఒకటి మరిచిపోతారు. మెట్లు శ్రుతిలో లేని వీణ మీద సాధన చేసిన పిల్ల చెవి పాడవుతుంది, ఎత్తైన మెట్ల మీద వేళ్లు కోసుకుని మానేస్తుంది. చక్కగా మేళం కట్టిన వీణ అవసరం విద్వాంసుల కంటే ఆ పిల్లకే ఎక్కువ.

విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఇప్పటికీ నడుస్తోంది. గొల్లపల్లి అక్కడికి దూరమేమీ కాదు. అక్కడా, రాష్ట్రంలోని మిగతా ప్రభుత్వ సంగీత కళాశాలల్లోనూ విద్యార్థుల చేతిలో ఉన్న వీణలన్నిటికీ ఏడాదికోసారి మేళం కట్టించే పని గొల్లపల్లి వాళ్లకు అప్పజెప్పి, దానికి సరైన కూలి ఇస్తే, ఆ ఇళ్లలో కుర్రవాళ్లు మైనం, గుర్రం, మెట్టు నేర్చుకోవడానికి కారణం దొరుకుతుంది. అదే డబ్బుతో విద్యార్థులకు అందే ధరలో, నగిషీ లేని, యాళి తల లేని సాదా వీణలు చేయించవచ్చు. అటవీ శాఖ నాటే మొక్కల్లో పనస, అంకుడు చేర్చి, ఎదిగాక వాటి మీద గొల్లపల్లికీ ఏటికొప్పాకకూ మొదటి హక్కు ఇవ్వాలి. ఇవాళ నాటిన పనస దుంగ కావడానికి ఒక తరం పడుతుంది కాబట్టి ఆ పని మాత్రం వచ్చే వానాకాలమే మొదలుపెట్టాలి.